వదిన మార్చిన బ్రేకు బూస్టరు

మా అన్నయ్య వుకోటా మీద నాకు కోపం కొత్తేమీ కాదు. కానీ ఇది మా వదిన జాగ్లిక తరఫున తెచ్చుకున్న కోపం. అంత తేలిగ్గా చల్లారదు.

వదిన వారం వారం మా కొండ మీంచి కొలాషిన్ సంతకు చీజ్, మీగడ తీసుకెళ్తుంది. మా నాన్న వాడిన పాత కారులోనే. దారి పొడుగునా మెలికలు, పక్కన లోయ, అడుగున తారా నది. ఒక చలికాలంలో ఆ కారు బ్రేకు పెడలు బిగుసుకుపోయింది. రెండు కాళ్ళూ మోపి తొక్కితే గానీ ఆగేది కాదు.

"బ్రేకు పట్టట్లేదయ్యా" అని వదిన మొత్తుకుంటే, అన్నయ్య ఇంటి ముందు బెంచీ మీంచి లేవకుండా, "గట్టిగా ఉంటేనే దాన్ని బ్రేకంటారు. మెత్తగా ఉంటే పరుపంటారు" అనేవాడు. పక్కన వాడితో రకియా సారా తాగే నేస్తం గావ్రో ఇకిలించేవాడు. "మా నాన్న ఇలాంటి బ్రేకుతోనే లారీని బెల్‌గ్రేడ్ దాకా తోలాడమ్మా!"

మా ఊరి మగాళ్ళకు ఇదో జబ్బు. ఏ వస్తువు పాడైనా బాగుచెయ్యరు, దాంతోనే మగతనం నిరూపించుకుంటారు.

పోయిన వసంతంలో ఒక మలుపు దగ్గర కారు ఆగలేదు. చీజ్ డబ్బాలన్నీ దొర్లిపోయాయి. కారు రాతి గోడను రాసుకుంటూ వెళ్ళి లోయ అంచున నిలిచింది. వదిన ఇంటికొచ్చి ఏడవలేదు. నిక్షిచ్‌లో ఉన్న తన తమ్ముడికి ఫోన్ చేసింది. అతను తుక్కు కింద పడేసిన అలాంటి కారులోంచి మంచి బూస్టరు విప్పి, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. ఇంజను పీల్పును కాలి బలానికి తోడుచేసే రేకు డబ్బా అది. మా దాంట్లో లోపలి రబ్బరు చిరిగిపోయింది. ఇక మిగిలింది వదిన కాళ్ళే.

పని మేమిద్దరమే చేశాం. బ్రేకు ఆయిలు గొట్టాలు విప్పకుండా బూస్టరు ముందున్న బ్రేకు సిలిండరును నేను పక్కకు లాగి పట్టుకున్నాను. వదిన పెడలు కింద తల దూర్చి, కాళ్ళు సీటు మీదికి పెట్టి, తుప్పుపట్టిన నట్లతో కుస్తీ పట్టింది. వేళ్ళు చీరుకుపోయాయి. బెంచీ మీంచి సలహాలకు మాత్రం కొదవ లేదు.

"ఎడమకు తిప్పు జాగ్లికా!"

"నువ్వొచ్చి తిప్పు!"

"నాకు నడుం నొప్పి కదే."

"గ్లాసెత్తేటప్పుడు లేదే ఆ నొప్పి!" అన్నాను నేను.

బిగించడం అయ్యాక, ఇంజను ఆపి ఉండగానే వదిన పెడలు నాలుగైదుసార్లు తొక్కింది. అలాగే నొక్కిపట్టి తాళం తిప్పింది. ఇంజను అందుకోగానే పెడలు కాలి కింద మెల్లగా దిగింది, అంటే బూస్టరు పనిచేస్తోందన్నమాట. మొదటి మలుపు దాకా వెళ్ళొచ్చి, "స్తానా, ఒంటికాలితో ఆగిందే!" అని నన్ను వాటేసుకుంది.

అన్నయ్య లేచి వచ్చాడు, నడుం నొప్పీ గిడుం నొప్పీ లేకుండా. చెయ్యి చాచాడు.

"ఇప్పుడు భయం లేదుగా, తాళం ఇలా ఇవ్వు. సంతకు నేనే తీసుకెళ్తా."

వదిన నవ్వు ఆగిపోయింది.

"ఇప్పుడు లేదా? అంటే అప్పుడుందా?"

అన్నయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అందుకేనా నువ్వు గావ్రో కారెక్కి కొండ దిగేవాడివి? దీన్లో నన్నొక్కదాన్నే పంపేవాడివి?"

"అది కాదే..."

"ఏది కాదు?"

గావ్రో గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "తోడబుట్టినవాడివని ఊరుకుంటున్నా. లేకపోతే ఆ పాత బూస్టరు నీ నెత్తినేసేదాన్ని!" అని అరిచాను. వదిన తాళం జేబులో వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే గావ్రో కారు మూలపడింది. సంతరోజున అన్నయ్య సంచీలు మోసుకుంటూ బస్సు కోసం కొండ దిగుతాడు. మా కారు శబ్దం వినగానే చెయ్యెత్తుతాడు. పెడలు మీద బొటనవేలు ఆనిస్తే చాలు, కారు ఆగుతుంది. వదిన ఆనించదు.