బీడీ చేటలో మౌసు

నిన్న మా రిపేరు దుకాణానికి కుంఠా నాకా నుంచి ఒక కంప్యూటర్ వచ్చింది. మరమగ్గాల షెడ్డులో పెట్టుకున్నది. డబ్బా మూత తీయగానే లోపలి ఫ్యాను చుట్టూ దూది పింజలు పేరుకుని, చిన్నపాటి పరుపులా కనిపించాయి. వేడెక్కిన నూలు, గంజి, కాస్త మాడిన దుమ్ము కలిసిన వాసన గుప్పుమంది. "చచ్చిపోయిందా?" అని యజమాని ఆస్పత్రి వరండాలో నిలబడ్డవాడిలా అడిగాడు. "లేదు సేట్, పరుపు మెత్తగుందని పడుకుంది" అన్నాను. ఆయన నవ్వలేదు. నాకు మాత్రం ఆ వాసనకు నర్సుబాయి అత్త గుర్తుకొచ్చి, చేతిలో స్క్రూడ్రైవర్ కాసేపు అలాగే ఉండిపోయింది. ఆమె మీకెవరికీ తెలియదు. తెలిసిన షోలాపూర్ వాళ్ళు కూడా చాలాకాలం ఆమెను "గ్రాఫ్ మాస్టర్ పెండ్లాం" అనే పిలిచారు.

తొంభైల నడిమి సంవత్సరాలవి. అశోక్ చౌక్ వెనక మా వాడ. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చినవాళ్ళ ఇళ్ళన్నీ ఒకచోటే ఉండేవి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కోపం వస్తే హిందీ. మగవాళ్ళు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద చాదర్లు నేసేవారు. ఆడవాళ్ళు గడపల్లో కూర్చుని బీడీలు చుట్టేవారు. మీరు కప్పుకునే షోలాపూర్ చాదరు మీద నెమలి ఉందంటే, అది ముందుగా గళ్ళ కాగితం మీద పుట్టిందన్నమాట. ఒక్కో గడి ఒక్కో దారం. నింపిన గడి దగ్గర దారం పైకి లేస్తుంది, ఖాళీ గడి దగ్గర లేవదు. ఆ గళ్ళను చూసి అట్టలకు చిల్లులు కొడితే, మగ్గం ఆ చిల్లుల ప్రకారం నెమలిని నేస్తుంది. మా వాడలో ఆ గళ్ళ పని చేసే మాస్టర్ నర్సుబాయి అత్త భర్త. నాకు మామ వరస. ఆయన ఆ చలికాలంలో పోయాడు. ఆయనతో పాటే డిజైన్లు కూడా పోయాయని వాడంతా అనుకుంది.

అత్త అలా అనుకోలేదు. కొత్త నెమలిని ఒకటి గీసి, ఎప్పుడూ మామ దగ్గర డిజైన్లు తీసుకునే సేట్ దగ్గరికి వెళ్ళింది. ఆయన కాగితాన్ని సగం వరకే విప్పి చూశాడట. "మాస్టర్ పాతది ఇంకోటి దొర్కిందా?"

"కొత్తదే సేట్. నేను గీసిన."

"నర్సుబాయ్, నువ్వు గడులల్ల రంగు నింపేదానివి. గీసింది మాస్టర్. ఇగ మా డిజైన్లన్ని బొంబాయిల కంప్యూటర్ మీద అయితయ్. నువ్వు ఇంట్ల కూసోని ఆరామ్ సే బీడీలు జేస్కో."

రోజుకు వెయ్యి బీడీలు చుట్టే ఆడవాళ్ళెవరూ ఆ పని పక్కన 'ఆరామ్' అనే మాట పెట్టరు. అత్త ఒక్కటే అడిగింది. "కంప్యూటర్ మీదనే తెస్తే జూస్తవా?" సేట్ నవ్వి, "తే మరి. ఎండాకాలం అయ్యేలోపట తే" అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. నేను అప్పటికి ఆరు నెలల కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి, ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకుని, వాడలో టీవీలు బాగుచేస్తున్నాను. ఆ సర్టిఫికెట్ వల్ల ఒకటే లాభం కలిగింది, గోడకున్న పగులు కనబడకుండా పోయింది.

"అంబాదాసూ, కంప్యూటర్ల గడులుంటయారా?"

"ఉంటయత్తా. తెర దగ్గరికి తెచ్చి చూస్తే మొత్తం గడులే."

"మరింకేంది. మనింట్లనే పెడ్దాం."

"కంప్యూటర్ అంటే పోపుల డబ్బా గాదత్తా, కొనుక్కొచ్చి అలమర్ల పెట్టనీకి."

"కొనుక్కొస్తమని ఎవలన్నరు? నువ్వు జేస్తవు."

జోకు వేద్దామని నోరు తెరిచాను. ఆమె ముఖం చూసి మూసుకున్నాను. ఆమె సరదాకు అడగలేదని అప్పుడే అర్థమైంది. ఆ ఎండాకాలం లోపల నెమలి తెర మీదికి రాకపోతే, ముప్ఫై ఏళ్ళ పని అక్కడితో తెగిపోతుంది. ఆ తర్వాత ఆమెకు మిగిలేది తునికాకు కత్తెర మాత్రమే.

మామ అట్టలకు చిల్లులు కొట్టే యంత్రాన్ని అమ్మేసి, నన్ను బొంబాయి రైలెక్కించింది. అక్కడి పాత సామాన్ల బజారులో బోర్డులూ తీగలూ ఏరుకుని, ఒడిలో పెట్టుకుని తెచ్చాను. బిడ్డ బారసాలకు వెళ్తున్నావా అని ఒకావిడ అడిగింది కూడా. కంప్యూటర్‌కు డబ్బా మాత్రం కొనలేదు. ఇంట్లో నూలు కండెలు దాచే చెక్క పెట్టె ఉంది. దానికే అడుగున గాలికోసం కన్నాలు వేసి, లోపల బోర్డు బిగించి, బల్ల పక్కన నేల మీద పెట్టాను. మామ గ్రాఫ్ గీసిన వాలు బల్లను చదును చేశాం. అత్త కుర్చీ ఎక్కనంది. "కుర్సీల కూసుంటే నా చెయ్యి నా మాటినదు" అంది. బల్ల కాళ్ళు కోశాను. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే తెర సరిగ్గా కళ్ళకెదురుగా వచ్చింది.

మౌసు దగ్గర అసలు తంటా మొదలైంది. బల్ల మీద పెడితే చెయ్యి చాపి లాగాలి, బాణం ఎటో పారిపోయేది. రెండు రోజులు నానా అవస్థ పడ్డాక ఆమె లేచి బీడీల చేట తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుంది. అందులో పలక పెట్టి, పలక మీద మౌసు పెట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చేతులు పనిచేసిన చోటు అది. బాణం వెంటనే మాట విన్నది. వారానికోసారి మౌసు కింది గుండు తీసి, అందులోంచి తంబాకు పొడి దులపడం నా ఉద్యోగమైంది. లోకంలో తుమ్మగలిగిన కంప్యూటర్ అదొక్కటే అయివుంటుంది.

చైత్రం దాటాక ఎండలు ముదిరాయి. ఇక మేం చేసిన ఘనకార్యం చెప్పాలి. మగ్గం పనివాళ్ళకు ఒక అలవాటుంది. ఎండకు నూలు పెళుసెక్కి తెగిపోతుందని, పని మొదలుపెట్టేముందు నేల తడుపుతారు. కిటికీకి తడి గోనె కడతారు. ఆ రోజు పెట్టె మీద చెయ్యి వేసి అత్త, "మస్తు కాలుతుందిరా. నీళ్ళు జల్లుదామా?" అంది. ఆరు నెలలు కోర్సు చదివిన నేను, ఫ్రేము కట్టించుకున్న నేను, ఏమనాలి? "జర ఆగు, బకీట్ తెస్తా" అన్నాను. మాకిద్దరికీ అది సహజంగానే అనిపించింది, పుట్టిన దగ్గర్నుంచీ తడి నేల మీదే నడిచినవాళ్ళం కదా. నేలంతా చల్లాం, పెట్టె చుట్టూ మరీ శ్రద్ధగా చల్లాం. గాలికోసం నేను వేసిన కన్నాలు నీళ్ళకూ అంతే బాగా పనికొచ్చాయి. టప్పుమని ఒక చప్పుడు, సన్నటి పొగ, వాడలో సగానికి కరెంటు లేదు.

నేను తల పట్టుకుని గోడకు చేరగిలబడ్డాను. ఏదైనా నవ్వులాట మాట దొరుకుతుందేమోనని వెతికితే దొరకలేదు. అత్త ఒక చాదరు తెచ్చి నేల మీద పరిచింది.

"అన్ని ఇప్పి దీని మీద పెట్టు. పోయింది ఓ దిక్కు, ఉన్నది ఓ దిక్కు."

"అంతా పోయిందత్తా."

"అంతా పోయిందని లెక్క వెట్టినంకనే అను."

ఒక్కొక్కటీ విప్పి, తుడిచి, ఎండబెట్టి, మా టీవీ సామాను సాయంతో పరీక్షించాను. కరెంటిచ్చే డబ్బా పోయింది. పెద్ద బోర్డు పోయింది. డిస్కు, తెర, మౌసు, మిగతావన్నీ బతికే ఉన్నాయి. ఆమె వేలితో చూపిస్తూ, "ఇటు రెండు, అటు ఏడు" అంది. నింపిన గళ్ళు, ఖాళీ గళ్ళు లెక్కపెట్టే గొంతుతోనే అంది. మర్నాడే మళ్ళీ బొంబాయి రైలెక్కాను. ఈసారి బారసాల గురించి ఎవరూ అడగలేదు. ముఖం చూసి ఇంకేదో అనుకుని ఉంటారు.

పెట్టెను బల్ల మీదికి ఎక్కించి పని మళ్ళీ మొదలుపెట్టాం. నెమలి మెడ దాకా వచ్చింది. ఒక పొద్దున తెర ఆన్ చేస్తే మెడా లేదు, నెమలీ లేదు. మూడు రోజుల పని మాయమైంది. కారణం గోడవతల ఉంది. పక్కింటి షెడ్డులో ఆరు సాంచెలు. అవి నడిస్తే మా ఇంట్లో గ్లాసులో నీళ్ళు కూడా దడదడలాడేవి. ఆ అదురుకు డిస్కు దెబ్బతింటోంది. సాంచెలు ఆగినప్పుడు పనిచేద్దామని సలహా ఇచ్చాను. సాంచెలు ఆగేది కరెంటు పోయినప్పుడే. కరెంటు పోతే మన కంప్యూటరూ ఆగుతుంది. ఈ లెక్క తేలేసరికి నాకు నవ్వొచ్చింది. అత్తకు రాలేదు.

ఆమె లోపలి గదిలోకి వెళ్ళి, మామ కాలం నాటి చిల్లుల అట్టల కట్టలు మోసుకొచ్చింది. దారంతో వరసగా కుట్టిన మందపాటి అట్టలవి. బల్ల ఎత్తమంది. ఒక్కో కాలు కింద ఒక్కో కట్ట పెట్టబోయింది.

"అత్తా, మామ పనిని కాళ్ళ కింద పెడ్తవా?"

"మామ పనేందిరా?" కట్ట విప్పి ఒక అట్ట నా ముందు పెట్టింది. "ఇది కమలాల చాదర్. నీ అక్క పెండ్లికి పెట్టిండ్రు సూడు, అదే. కమలం నడుమ ఆ మొగ్గ ఎట్ల వచ్చిందో మామకే తెల్వకపాయె, నన్నడిగిండు. ఇవన్ని నేను గీసినయే. ఆయన సేట్లతోని మాట్లాడుతుండె, మూలకు తన పేరు రాస్తుండె."

"మరి నువ్వెందుకు చెప్పలే?"

"ఎవలడిగిండ్రు?" అంది, కోపం లేకుండా. "ఎత్తు బల్ల. చెయ్యి నొస్తుంది."

ఎత్తాను. నాలుగు కాళ్ళ కింద నాలుగు డిజైన్లు మెత్తగా సర్దుకున్నాయి. గ్లాసులో నీళ్ళు నిలిచాయి. ఆమె చేట ఒళ్ళోకి లాక్కుని, మొదటి గడి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి వచ్చిన నెమలి వెనక్కి తిరిగి చూస్తోంది. మొదటిదానికంటే బాగుంది.

ఎండాకాలం ఇంకో నాలుగు రోజులుందనగా, నేను కోర్సు చదివినచోట ప్రింటరు అడుక్కుని, గళ్ళన్నీ కాగితాల మీదికి దించి, వాటిని అన్నం మెతుకులతో అంటించి ఒక్కటి చేశాను. ఇద్దరం సేట్ దగ్గరికి వెళ్ళాం. ఆయన ఈసారి పూర్తిగా విప్పాడు. బల్ల చాలక నేల మీద పరిపించాడు. చుట్టూ నడిచి చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"హుషారున్నవ్ పోరడా! బొంబాయోడు గూడ గింత సాఫ్ జెయ్యలే. రేపటి సంది నా ఆఫీసుల కూసో. కంప్యూటర్ నేను తెప్పిస్త. డిజైన్లు నువ్వు జెయ్యి."

మా అమ్మ ఎన్ని బీడీలు చుడితే నా కోర్సు ఫీజు అయిందో నాకు తెలుసు. నేను అప్పటివరకూ ఎదురుచూసిన మాట అదే. అత్త వైపు చూశాను. ఆమె నా వైపు చూడట్లేదు. నేల మీది నెమలిని చూస్తోంది, ఒక అతుకు దగ్గర లేచిన కాగితాన్ని బొటనవేలితో అదుముతోంది. ఆ వేలు ఏ తొందరా లేకుండా కదులుతోంది. మామ పక్కన ఆమె ఇలాగే ఎన్నిసార్లు నిలబడి ఉంటుందో అప్పుడు తెలిసింది.

"సేట్," అన్నాను, "నేను స్క్రూలు బిగించిన, అంతే. ఈ నెమలి ఎనకకెందుకు తిరిగిందో నాకు తెల్వది. గీసింది అత్త. ఆమెనడుగు."

సేట్ నా భుజం మీది చెయ్యి తీశాడు. ఆమె వైపు తిరిగి అడిగాడు. "ఎందుకు తిరిగింది, నర్సుబాయ్?"

అత్త కూర్చుంది. నేల మీదే, నెమలి పక్కన. మెడ ముందుకు చాస్తే చాదరు మడతలో పడి తల కనబడదని, వెనక్కి తిప్పితే తోకకూ తలకూ ఒకే రంగు దారం సరిపోతుందని, అందువల్ల నేసేవాడికి కండె మార్చే పని తగ్గుతుందని, వేలితో గడిగడికీ చూపిస్తూ చెప్పింది. సేట్ కూడా నెమ్మదిగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను మాత్రమే నిలబడి ఉన్నాను, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక. లేచేముందు ఆమె సేట్ జేబులోని పెన్ను అడిగి తీసుకుని, కాగితం మూలన మరాఠీలో తన పేరు రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. గళ్ళలో తప్ప ఆమె ఎప్పుడూ రాయలేదు.

ఇద్దరం నడుచుకుంటూ అశోక్ చౌక్ దాకా తిరిగొచ్చాం. అక్కడ అత్త ఆగి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"పొద్దటి సంది ఒక్క జోకు గూడ ఎయ్యలే. జరమొచ్చిందారా?"

ఆఫీసు కుర్చీ నాకు రాలేదు. ఆ చాదరు మాత్రం చాలా ఏళ్ళు నేశారు, ఆమె గది నుంచి ఇంకా చాలా డిజైన్లు వెళ్ళాయి. ఇప్పుడు ఎవరైనా ఏదో ఒకటి చూపించి "ఇది నువ్వే చేసినవా?" అని మెచ్చుకుంటే, నా నోట్లో ముందుగా ఒక జోకు సిద్ధమవుతుంది. దాన్ని మింగి, చేసినవాళ్ళ పేరు చెబుతాను. ఇన్నేళ్ళయినా ఆ రుచి నాకింకా అలవాటు కాలేదు.