కొమ్ముల ముసుగులో మా మేనకోడలు

ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయింది. విసనకర్రతో విసురుకుంటూ, మెడ వెనక కారే చెమట పైటకొంగుతో తుడుచుకుంటుంటే, కిందటేడు వేసవిలో ఇలాగే తడిసి ముద్దయిన మా మేనకోడలు గుర్తొచ్చింది. కాకినాడలో ఉద్యోగం దానికి. పెళ్ళి మాటెత్తితే ఫోను పెట్టేసే పిల్ల, ఏకంగా సెలవు పెట్టి సామర్లకోటలో మా ఇంట్లో దిగింది. ఎందుకయ్యా అంటే, జపాను రాక్షసుడి వేషం కుట్టుకోవడానికట!

ఎర్రటి మొహం, రెండు కొమ్ములు, పొడుచుకొచ్చిన కోరలు, పాదాలదాకా నల్లటి అంగీ. కాకినాడలో వేషాల పోటీ ఉంది. అంతకుముందు ఏడాది అదే పోటీలో ఊపిరాడక సగంలోనే ముసుగు పీకేసిందిట, హాలంతా నవ్విందిట. "ఈసారి చివరిదాకా తియ్యనత్తా. తీశానా, ఇంక జన్మలో వేషం కట్టను," అంది. మా అన్నయ్య మొండితనం మొత్తం దీనికే వచ్చింది.

మొదటి ముసుగు కాగితాలూ మైదా జిగురుతో చేసింది. తెల్లారేసరికి కొమ్ముల నిండా చీమలు. వేపాకు కాచిన నీళ్ళతో జిగురు ఉడికించవే అని నా పాండిత్యం ఒలకబోశాను. చీమలైతే పట్టలేదు గానీ, ఆ చేదు వాసనకి పిల్ల రెండో ముసుగూ పీకి అవతల పారేసింది. "నీ సలహాలకో దండం," అంటూ మూడోది మొదలెట్టింది. ముక్కు రంధ్రాలు పెద్దవి చేసి, లోపల మా ఆయన పాత పంచె మెత్తగా అతికించింది. ఎండలో తట్టుకుంటేనే పోటీలో తట్టుకుంటానని, మిట్టమధ్యాహ్నం వేషమంతా కట్టి వీధిలోకి నడిచింది. నేను మంచినీళ్ళ చెంబుతో వెనకే.

ఎదురింటి మామ్మగారు అరుగు మీదున్నారు. కళ్ళకి శుక్లాలు, మర్నాడే ఆపరేషను. ఎర్రటి మొహం చూసి, వీరభద్రుడే వచ్చాడనుకుని, "శరభ శరభ! వీరభద్రా!" అని లేచి, లోపలికెళ్ళి బిందెడు పసుపునీళ్ళు తెచ్చి దీని పాదాల మీద పోసేశారు. మా వైపు వీరభద్రుడి సంబరం ఊరేగింపులో, ఆయన కత్తి పట్టినవాళ్ళకి అలాగే పోస్తారు మరి. నేను నోరు తెరవబోతే, మేనకోడలు వద్దన్నట్టు వేలు ఊపింది.

మామ్మగారు చేతులు జోడించి మొదలుపెట్టారు. కంటికి కత్తి పెడతారంటే భయమనీ, వాళ్ళాయన కూడా ఇలాగే ఆసుపత్రికెళ్ళి తిరిగి రాలేదనీ, పిల్లలతో చెబితే చాదస్తమంటారనీ. ఎండ మాడిపోతోంది. అంగీ అంచు నుంచి చెమటో పసుపునీళ్ళో కారుతోంది. పిల్ల మాత్రం కదల్లేదు. మాటలన్నీ అయిపోయాక, ఆవిడ తల మీద చెయ్యి పెట్టి మా ఇంట్లోకొచ్చింది. ముసుగు తీసేసరికి మొహం దానికన్నా ఎర్రగా ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

పోటీలో చివరిదాకా నిలబడింది, ప్రోత్సాహక బహుమతి తెచ్చుకుంది. ఆపరేషనయ్యాక మామ్మగారు మా ఇంటికి చూడ్డానికొస్తే, కాళ్ళకి దండం పెట్టి నిజం చెప్పేసింది.

"ఎవరైతే ఏంటే? అంత ఎండలో నా మాట పూర్తయ్యేదాకా నిలబడ్డావు. మా ఇంట్లో ఎవరు విన్నారమ్మా అంతసేపు?" అన్నారావిడ.

నాకూ ఆ వయసు దగ్గర పడుతోంది. ముసలితనంలో పొద్దు గడవదంటారు గానీ, ఎదురుగా ఒక్కరు నిలబడి వింటే ఎంత తొందరగా గడిచిపోతుందో!