అమ్మమ్మ ఫ్రెంచి ట్రే

ఈరోజు నా సేకరణలోకి పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి పింగాణీ ట్రే ఒకటి వచ్చింది. నీలం అంచు, మధ్యలో గులాబీలు. చూడగానే ద్రాక్షారామంలో మా అమ్మమ్మ ట్రే గుర్తొచ్చింది. యానాంలోని పుట్టింటి నుంచి ఆమెతోపాటే కాపురానికి వచ్చిందది. మీ ఇళ్ళలో ఇలాంటివి అద్దాల బీరువాలో ఉండేవి కదూ? అమ్మమ్మ మాత్రం వచ్చినవాళ్ళందరికీ అందులోనే పూతరేకులు పెట్టేది.

“బీరువాలో దాచండి పిన్నిగారూ, పగిలిపోద్ది,” అనేది పక్కింటావిడ.

“దాచుకుంటే ఎవరు చూస్తారే అమ్మాయ్!” అనేది అమ్మమ్మ.

ఒకరోజు కడుగుతుంటే అమ్మమ్మ చెయ్యి జారి ట్రే రెండు ముక్కలైంది. నేను ఏడుపు మొదలెట్టాను. ఆమె ఒక ముక్క తీసి, విరిగిన అంచు నాకు చూపించింది.

“చూడవే, లోపల కూడా ఎంత తెల్లగా ఉందో!”

నా ఏడుపు ఆగిపోయింది. పింగాణీ మీద నా ప్రేమ ఆ క్షణంలోనే మొదలైంది.