షరతు ప్రకారం లాగిన పడవ

ఆడపిల్ల పడవ లాగడం మా కాలవ గట్టున ఇప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు. మొన్న గురువారం చూసేరు. ఆ పిల్లని నేనే. ఊళ్ళో తలో రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే తాటాకు మీద గీసిపెడుతున్నాను. గంటానికి ఎడమచేతి బొటనవేలే దారి చూపిస్తుంది, కళ్ళతో పనిలేదు. వరసలు ఎక్కడైనా వంకరపోతే మీరే సర్దుకోండి.

నాకు ఏడో ఏట అమ్మవారు పోసి రెండు కళ్ళూ తీసుకెళ్ళిపోయింది. నోరు మాత్రం వదిలేసింది. నాన్నగారు మా అరుగు మీద పెద్ద పిల్లలకి తర్కం చెప్తారు. తలుపు వెనక కూచుని విని విని, వాళ్ళ వాదాల్లో నేనూ వేలు పెట్టడం మొదలెట్టేను. ఇప్పుడు నేను గొంతు సవరించుకుంటే అరుగు మీద సగంమందికి దాహం వేస్తుంది.

అంత వాదించేదాన్నైనా, అత్తయ్య ఇంటికి వెళ్ళాలంటే ఎవరో వచ్చి చెయ్యి పట్టుకోవాలి. అత్తయ్యంటే నాన్నగారి అక్క. వాళ్ళిల్లు దొరలు కొత్తగా తవ్వించిన కాలవ గట్టు మీదే, మాకు ఎగువన, నాలుగు కొబ్బరితోటల అవతల. అమ్మకి తీరికైతే అన్నయ్యకి కాదు, అన్నయ్యకి తీరికైతే ఎండెక్కిపోతుంది. నేను చీర మార్చుకుని మధ్యాహ్నం దాకా గుమ్మంలో కూచోవడం. విసుగెత్తి, పోయిన నెల నాన్నగారితోనే వాదానికి దిగేను. మూడు రోజులు పట్టింది. చివరికి ఆయనే దిగొచ్చేరు.

"ఒక్కసారి ఒంటరిగా వెళ్ళి చూపించు. వెళ్ళగలిగితే ఇంక నీ చెయ్యి ఎవరూ పట్టుకోరు. వెళ్ళలేకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు" అన్నారు.

"అలాగేనండి. అయితే నాదీ ఒక షరతు. దారి పొడుగునా ఎవ్వరూ నన్ను పలకరించకూడదు. ముట్టుకోకూడదు. దగ్గకూడదు. రేపు నేను గెలిస్తే, ఫలానావాళ్ళు సాయం చేసేరన్న మాట రాకూడదు."

"అంత అక్కర్లేదేమోనే" అన్నాడు అన్నయ్య.

"వాదం సంగతి నీకు తెలీదు, ఊరుకో" అన్నాను.

పాపం, ఊరుకున్నాడు. మా పెరటి నించి అత్తయ్య గుమ్మం దాకా గట్టు వార గుంజలు పాతి కొబ్బరితాడు కట్టేడు. గుంజ గుంజకీ ఒక ముడి. పశువులు నీళ్ళకి దిగే రేవు దగ్గర మాత్రం పదడుగులు ఖాళీ వదిలేడు. నా షరతు కూడా గట్టు మీద ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చేడు.

గురువారం పొద్దున్నే బయల్దేరేను. తాడు అరచేతిలోంచి జారుతోంది, ముడులు ఒక్కొక్కటే తగులుతున్నాయి. రేవు వచ్చింది. తాడు వదిలి, పదడుగులు లెక్కపెట్టి, చెయ్యి చాపేను. తాడు దొరికింది.

తడిగా ఉంది. మంచుకి తడిసిందనుకున్నాను. లావుగా ఉంది. ఇక్కణ్ణించి గట్టి తాడు కట్టేడనుకున్నాను. ఎంత దూరం నడిచినా ముడి తగల్లేదు. నా మీద నమ్మకం కుదిరి మానేసేడనుకున్నాను. అన్నిటికన్నా వింతేమిటంటే తాడు చేతిలోంచి జారడం లేదు, నాతోపాటే నడుస్తోంది. దానికీ ఏదో కారణం చెప్పుకున్నాను, ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. ఎదర మగాళ్ళెవరో హైలెస్సా అంటూ పోతున్నారు. పడవ లాగేవాళ్ళు కాబోలు, దారికి తోడు దొరికిందిలే అనుకున్నాను. కాసేపటికి తాడు కిందికి వేలాడుతుంటే ఎత్తి భుజాన వేసుకున్నాను.

మధ్యలో అత్తయ్య ఇంటి నెయ్యి వాసన కమ్మగా వచ్చింది. ఆవిడ మెంతులు వేసి కాస్తుంది, ఇంకెవరూ వెయ్యరు. ఆగబోయేను. చేతిలో తాడింకా సాగుతోంది కదా, ఇల్లింకా ముందుందన్నమాట, ఈ గట్టున మెంతులేసేవాళ్ళు ఇంకొకరు ఉన్నారన్నమాట, అని తేల్చుకుని ముందుకే పోయేను.

ఎండ నెత్తికెక్కింది. ఎదర నీళ్ళ హోరు వినిపించింది. కాలవ నీళ్ళకి తలుపులు కట్టిన లాకుల దగ్గర తప్ప అంత హోరు ఎక్కడా ఉండదు. లాకులంటే పక్క ఊరు. నా కాళ్ళు ఆగిపోయేయి. తాడు మాత్రం నన్నింకో రెండడుగులు ఈడ్చి ఆగింది.

"అయ్యా, ఇదేం తాడండీ?" అని అడిగేను.

"పడవ తాడండి" అన్నాడు ఎదర్నించి ఒక పెద్దాయన. "రేవులో చద్దన్నం తిని లేచేమండి, ఇంతలో తవరొచ్చి పట్టుకున్నారు."

"పట్టుకుంటే చెప్పకూడదటండీ?"

"ఆయ్, ఏదో మొక్కుందేమో అనుకున్నామండి. మొక్కు మధ్యలో చెడగొట్టకూడదు గదండీ. తవరు భుజం వేసేక మాకూ కాస్త తేలికయ్యిందండి."

నా వెనకాల ఎవరో గుటక మింగేరు. ఆ గుటక నాకు తెలుసు.

"అన్నయ్యా, రేవు దగ్గర్నించీ వెనకే ఉన్నావా?"

జవాబు లేదు. షరతంటే షరతే.

అప్పుడు ఏడుపొచ్చింది. చెయ్యి చాపితే అన్నయ్య పట్టుకునేవాడే. కానీ ఆ తరవాత జన్మంతా పట్టుకునే ఉంటాడు. "లాకు దాటేక తిరుగు పడవ ఎక్కిస్తామండి" అన్నాడు పెద్దాయన. వద్దన్నాను. కుడిచెవి పక్కనున్న కాలవని ఎడమచెవి పక్కకి తెచ్చుకుని, గట్టు అంచు గడ్డిని కాలివేళ్ళతో తడుముకుంటూ వెనక్కి బయల్దేరేను. రెండుసార్లు పడ్డాను. మెంతుల వాసన దగ్గర ఈసారి ఎవరితోనూ వాదించకుండా ఆగేను. గుమ్మం తగిలింది.

"వచ్చేవా తల్లీ" అంది అత్తయ్య, నా మోకాళ్ళ మట్టి దులుపుతూ. "పొద్దున్న నా ఎదరనించే, భుజాన తాడేసుకుని మహారాజులా పోయేవు. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. షరతు గుర్తొచ్చి నోట్లో కొంగు కుక్కుకున్నాను."

నేనొక్కదాన్నే తెలీక నడిచేను. తక్కిన గట్టంతా తెలిసే మౌనంగా ఉంది.

సాయంత్రం అరుగు మీద పంచాయితీ. "దారి తప్పింది కదండీ, ఇంక పంపొద్దు" అంది అమ్మ లోపల్నించి.

"తప్పింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిద్దుకుంది కూడా. ఇంక తప్పినా భయంలేదు, వెళ్ళనీ" అన్నారు నాన్నగారు. అని నావైపు తిరిగేరు. "మరి ఆ షరతో?"

"వెనక్కి తీసుకుంటున్నానండి" అన్నాను. పెద్ద పిల్లల్లో ఒక్కడూ నవ్వలేదు. నవ్వితే రేపు వాదంలో ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

ఇప్పుడు రోజూ ఒంటరిగానే వెళ్తున్నాను. ఒంటరిగా అంటే ఏం లెండి, షరతు ఎత్తేసిన దగ్గర్నించీ గట్టు మీద ఇంటికొకరు లేచొచ్చి దారి చెప్తున్నారు. ఒకరు ఎడమకండీ అంటే ఇంకొకరు కుడికండీ అంటారు. మొన్నటి మౌనానికి వడ్డీతో సహా మాట్లాడుతున్నారు. నిన్న వాళ్ళందర్నీ తప్పించుకుని రేవు దాటి, ఠీవిగా చెయ్యి చాపేను. తాడు తగిలింది. తడి లేదు, లావు లేదు, ముడి కూడా ఉంది. నిశ్చింతగా పట్టుకున్నాను.

"అమ్మాయిగారూ" అంది పక్కనించి ఒకావిడ, ఎంతో మర్యాదగా, "అది మా గేదె పలుపండి."

వాదించలేదు. వదిలేసేను.