లేవకు హన్మయ్యా

మొయినాబాద్ దగ్గర మా ఊళ్లో, నడవగలిగిన ముసలివాళ్లు మంచాన పడ్డవాళ్లను చూసుకునేందుకు తలా ఒకరిని పంచుకున్నారు. బాల్‌రాజ్ పటేల్ వంతుకు హన్మయ్య వచ్చాడు. ఒకప్పుడు పటేల్ పొలంలోనే జీతం ఉన్న మనిషి. ఇప్పుడు పక్షవాతం.

పటేల్ రోజూ పొద్దున్నే రాగి జావ పట్టుకుని వెళ్లేవాడు. ఆయన గడప దాటగానే హన్మయ్య, పనిచేసే ఒక్క చేత్తో మంచం పట్టె పట్టుకుని లేవబోయేవాడు.

"లేవకురా! ఎన్నిసార్లు చెప్పాలె?"

"మీరొస్తే ఎట్ల పండాలె పటేలా?"

బతుకంతా ఎదుట కూర్చోనివ్వకుండా ఉంచి, ఇప్పుడు పడుకోమంటే ఎలా పడుకుంటాడు? చివరికి పటేలే లోపలికి రాగానే నేల మీద కూలబడటం మొదలుపెట్టాడు. మోకాళ్లు నొప్పిపుట్టినా సరే. అయినా హన్మయ్య లేవబోవడం మానలేదు.

మొన్న సోమవారం పటేల్ వెళ్తే హన్మయ్య కదల్లేదు. కళ్లు మూసుకుని నిమ్మళంగా పడుకుని ఉన్నాడు. పటేల్ ముఖం విప్పారింది.

"ఇయ్యాల ఇన్నవ్‌రా నా మాట," అంటూ నేల మీద కూర్చుని హన్మయ్య చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లబడి ఉంది.

పటేల్ మెల్లగా లేచి నిలబడ్డాడు. వచ్చినవాళ్లు కుర్చీ వేశారు, కూర్చోమని బతిమాలారు. పాడె లేచేదాకా ఆయన కూర్చోలేదు.