నాన్నకు ముందే వచ్చిన అరవై

నెల్లూరులో అత్తరు దుకాణం ముందు నుంచి వెళుతుంటే ఊదు పొగ వాసన తగిలి ఇప్పటికీ నిలబడిపోతాను. చిన్నప్పుడు అబూధాబీలో మా భవనం మెట్ల నిండా శుక్రవారాలు ఆ వాసనే. ఉగాదికి నాన్న రోడ్డు పక్క వేపచెట్ల కింద రుమాలు పరచి పువ్వు దులిపేవాడు. రంజాన్‌లో కింది అంతస్తు ఖాదర్ మామ ఇంటి నుంచి గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా ఉడికించిన హరీసు, పొగలు కక్కే గిన్నెలో వచ్చేది. ఎండలు మండే నెలల్లో పిల్లలం చల్లటి నడవాల్లో దాగుడుమూతలాడి, పొద్దు వాలగానే సముద్రం ఒడ్డుకు పరుగెత్తేవాళ్లం.

మాది ఒకప్పుడు రైసుమిల్లు, మాగాణి ఉన్న ఇల్లు. అవి పోయాక నాన్న అబూధాబీలో ఒక కంపెనీలో అకౌంట్లు చూడడానికి వచ్చాడు. అయినా ఆయన చొక్కా ఇస్త్రీ మడత ఎన్నడూ నలగలేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా, నాన్నకు అరవై నిండాయి కాబట్టి వర్క్ పర్మిట్ రెన్యూ చేయించబోమని కంపెనీ చెప్పింది. ఉద్యోగం పోతే వీసా పోతుంది. దానితో నా బడి, మా ఇల్లు కూడా. నిజానికి నాన్నకు యాభై ఏడే. మెట్రిక్ పరీక్షకు త్వరగా కూర్చోబెట్టాలని తాత బడిలో వయసుకు మూడేళ్లు కలిపి రాయించాడు. మా వైపు అది మామూలే. పాస్‌పోర్టులోకీ అదే ఎక్కింది.

నాన్న ఫిర్యాదు చేశాడు; లేబర్ ఆఫీసులో రాజీ కుదరక వ్యవహారం కోర్టుకు చేరింది. అరబ్బీ వచ్చిన ఖాదర్ మామ విచారణకు ముందురోజు మా ఇంటికి వచ్చి కూర్చున్నాడు.

“అన్నా, మీ నాయన ఇస్కూల్లో వయసు పెంచినాడని చెప్పు. జడ్జి ఇంటాడో లేదో, అడిగి చూద్దాం.”

“జాతకం తెప్పిస్తా,” అంది అమ్మ.

“దాన్ని అరబ్బీలో పెట్టే మొనగాడు యాడ దొరకతాడక్కా?”

నాన్న నవ్వలేదు. “మా నాయన దొంగ లెక్క రాయించాడని పరాయి కోర్టులో నా నోటితో చెప్పను ఖాదర్.”

“పోయినాయన పరువుకు మీరు కాపలా కాయండి,” అంది అమ్మ. “ఉన్న బిడ్డ సంగతి ఎవురు చూడాల?”

మర్నాడు జడ్జి ఓపిగ్గా అంతా విని, పాస్‌పోర్టులోని పుట్టినరోజు నిజమేనా అని దుబాసీతో అడిగించాడట. నాన్న నిటారుగా నిలబడి “అవును” అన్నాడట. చట్టప్రకారం రావలసినవన్నీ ఇప్పించారు, ఉద్యోగం తప్ప. పరీక్షలు రాయకుండానే నేను విమానమెక్కాను.

ఆ భవనం ఇప్పుడు లేదట. నాన్న పోయినప్పుడు మున్సిపాలిటీలో వయసు అడిగితే పాస్‌పోర్టులో ఉన్నదే చెప్పాను. తాత మాట నిలిచింది. అబూధాబీలో నాకు రావలసిన ఆ మూడేళ్ల సాయంత్రాలను, ఆ సముద్రాన్ని మాత్రం ఏ కోర్టులో అడగాలో నాకు తెలియదు.