దక్షిణపు గోడ మూడంగుళాలు

కొండల్ రావుకు నలభై తొమ్మిదేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు డ్రాయింగు బల్ల మీద వంగే గడిచిపోయాయి. మొదట హైదరాబాదులో సర్వే ఆఫీసు, తర్వాత అమెరికా వచ్చి నేపర్‌విల్‌లో ఒక కట్టడాల కంపెనీ. బల్ల మారింది గానీ నడుం నొప్పి మారలేదు. 1982 చలికాలం నాటికి మనిషి పూర్తిగా అలిసిపోయాడు. పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకాలంటేనే ఏడుపొచ్చేది.

చేతిలో ఉన్న పనీ అలాంటిదే. ఫ్రాన్సులో ఏడువందల ఏళ్ళ కిందట కట్టిన ఒక చిన్న చర్చిని 1920ల్లో ఒక అమెరికా ధనవంతుడు కొన్నాడు. రాయి రాయీ విప్పించి, నంబర్లు వేయించి, ఓడలో తెప్పించాడు. మహానుభావుడు! తెప్పించాక చేతిలో డబ్బు అయిపోయింది. యాభై ఏళ్ళకు పైగా గోదాములో పడి ఉన్న ఆ రాళ్ళను ఊరి బయట ఒక కాలేజీ తీసుకుని, మళ్ళీ నిలబెట్టమని కంపెనీకి అప్పగించింది. విప్పేటప్పుడు ఫ్రెంచి సర్వేయరు రాసుకున్న కొలతల కాగితాలు చూసి శుభ్రమైన డ్రాయింగులు గీయడం కొండల్ రావు వంతు.

ఆ కాగితాల్లో ఉత్తరపు గోడ కంటే దక్షిణపు గోడ పొడవు మూడంగుళాలు తక్కువ. కొండల్ రావు నవ్వుకున్నాడు. ఇలాంటివి ఎన్ని చూడలేదు! హైదరాబాదులో పొలం చుట్టూ గొలుసుతో కొలిచి, మొదలెట్టిన చోటికి తిరిగొచ్చేసరికి జానెడో బెత్తెడో తేడా వచ్చేది. దాన్ని అన్ని వైపులకూ తలా కాస్త పంచేసి లెక్క కలిసేట్టు చూపించడమే అక్కడి పనితనం, పై అధికారి శభాష్ అనేవాడు కూడా. చెయ్యి అలవాటున ఇక్కడా అదే పని చేసింది. ఒకటిన్నర అంగుళం అటు తగ్గించి, ఒకటిన్నర ఇటు పెంచి, రెండు గోడలూ సమానం చేసేశాడు.

రాళ్ళ సందుల్లో సున్నం ఒకచోట పలచగా, ఒకచోట మందంగా వేసుకుంటూ ఎలాగో గోడలు లేపారు. కప్పు దగ్గరికి వచ్చేసరికి పని మొండికేసింది. ఆ తరహా చర్చిలో కమానులు రెండు గోడల నుంచీ పక్కటెముకల్లా లేచి, నడినెత్తిన ఒక రాయి దగ్గర కలుసుకోవాలి. ఇక్కడ ఒక పక్క రాయి పట్టదు, ఇంకో పక్క వేలు దూరేంత సందు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రీ స్టాన్లీ ఆఫీసుకొచ్చి టోపీ బల్ల మీద పడేశాడు.

"ఆ పాతకాలం వాళ్ళకు రాయి చెక్కడం రాలేదు. సోమవారం పదకొండు రాళ్ళ అంచులు కోసేస్తాం. మేనేజరు ఓకే అన్నాడు."

అతను వెళ్ళాక కొండల్ రావు పాత కాగితాలు మళ్ళీ తీశాడు. దక్షిణపు గోడ కొలత పక్కన మూడు చిన్న టిక్కులు. అంటే ఆ సర్వేయరు మూడుసార్లు కొలిచాడు! కింద ఏదో రాసుంటే నిఘంటువు పట్టుకుని చదివాడు. కట్టడానికి అరవై ఏళ్ళు పట్టిందట. ఉత్తరపు గోడ తాతలు లేపితే, దక్షిణపు గోడ మనవలు లేపారు. అటు వాగు గట్టు అడ్డొచ్చి కాస్త జరిగారు, ఆ వంకరకు తగ్గట్టే ఒక్కో రాయినీ చెక్కుకున్నారు. సమానం చేసి చెడగొట్టింది తనే.

"ఏంది, గట్ల కూసున్నరు? ఛాయ్ చల్లారుతున్నది" అంది ఇంట్లో భార్య శశికళ.

చెప్పాడు. వాళ్ళ గ్రీన్‌కార్డు ఫైలు ఆ కంపెనీ పేరు మీదే నడుస్తోంది. ఇంకో ఆర్నెల్లలో వస్తుందని లాయరు అన్నాడు.

"మీరు జెప్పకుంటే ఎవరికన్న తెలుస్తదా?"

"తెల్వదు."

"మరి?"

"నా మిస్టేక్‌కి ఆ రాళ్ళను కోస్తరు శశీ. కోసినంక మళ్ల అతుకుతయా?"

"మళ్ల మొదటి నుంచి ఫైల్ చెయ్యాలె. నాతోని కాదు. అలిసిపోయిన" అని ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆదివారం సాయంత్రం మాత్రం తనే ఆయన చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

సోమవారం రాళ్ళ మీద ఉలి పడకముందే కొండల్ రావు సైట్‌కి వెళ్ళి, స్టాన్లీ ముందూ మేనేజరు ముందూ కాగితాలు పరిచాడు. రాళ్ళు సరిగానే ఉన్నాయి, డ్రాయింగే తప్పు, గీసింది నేనే అన్నాడు. మేనేజరు మొహం జేవురించింది. గోడలు విప్పాలి, ఎనిమిది నెలల పని మట్టిగొట్టుకుపోయింది మరి! ఆ శుక్రవారానికి కొండల్ రావు ఉద్యోగం పోయింది, దాంతో ఫైలూ పోయింది. దగ్గర్లోని షామ్‌బర్గ్‌లో ఇంకో ఆఫీసు ఆయన్ను పనిలోకి తీసుకుంది. అక్కడ పార్కింగు స్థలాలు గీయాలి, అన్ని గళ్ళూ సమానంగా. గ్రీన్‌కార్డుకు ఇంకో నాలుగేళ్ళు పట్టింది.

చర్చి తెరిచినప్పుడు ఆయన్ను ఎవరూ పిలవలేదు. 1986లో, కార్డు చేతికొచ్చాక, ఒక ఆదివారం శశికళను తీసుకుని తనే వెళ్ళాడు. బెంచీ మీద కూర్చుని మెడ నొప్పెట్టేదాకా కప్పు చూశాడు. ఒక్క రాయి మీదా కొత్త గాటు లేదు. ప్రాణం కాస్త కుదుటపడింది.

"ఏదీ, మీ మూడంగుళాలు?" అంది శశికళ.

చూపించాడు. ఆమె లేచి వెళ్ళి ఈ గోడనూ ఆ గోడనూ మార్చి మార్చి చూసి వచ్చింది.

"నాకైతే రెండు సమానమే కనబడుతున్నయి" అంది.

"నాక్కూడ గప్పుడు గట్లనే కనబడ్డయి" అన్నాడు కొండల్ రావు.